ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటర్

గత వేసవిలో మా అక్క ఫోన్ చేసింది. "కంప్యూటర్ పోయిందట. మదర్‌బోర్డు మార్చాలట, ఎనిమిది వేలవుతుందట. కొనేముందు నువ్వొకసారి చూడరా" అంది. ఇంటర్ చదివే మా మేనల్లుడు దానిమీదే పాఠాలు వింటాడు, ఆటలూ ఆడతాడు. పాఠాలు రెండు గంటలు విన్నా ఏమీ కాదు. ఆట మొదలుపెట్టిన పావుగంటకు టప్పున ఆగిపోతుంది. "ఆటలు మానెయ్" అనడం తేలికే గానీ, లోపల ముదురుతున్న జబ్బును ఆ ఆటే బయటపెట్టింది.

ఆట ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి బలంతో పనిచేస్తాయి. వేడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతాయి. చాలా ప్రాసెసర్లకు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర హద్దు ఉంటుంది. అక్కడికి చేరగానే ముందు వేగం తగ్గించుకుంటాయి. అయినా చల్లబడకపోతే కాలిపోకుండా తమంతట తామే ఆగిపోతాయి.

అందుకే ఆగే తీరు గమనించాలి. ఫ్యాన్ మోత పెరిగి, ఆట నత్తనడక నడిచి ఆగితే వేడిని అనుమానించండి. ప్లగ్గు పీకినట్టు ఉన్నట్టుండి ఆగితే పవర్ సప్లైని, అంటే మన షాపులవాళ్లు ఎస్‌ఎంపీఎస్ అనే డబ్బాను అనుమానించండి. ఇది తిరుగులేని గుర్తేమీ కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుందంతే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్ పవర్ 41' అని కనబడగానే కొందరు కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేస్తారు. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదన్న సంగతి తప్ప, కారణం అందులో ఉండదు.

నేను ముందు యూపీఎస్ తప్పించి ప్లగ్గు నేరుగా గోడకు పెట్టించాను. 600 వీఏ చిన్న యూపీఎస్ సాధారణంగా 360 వాట్లకు మించి మోయలేదు. బ్యాటరీ పాతదైతే వోల్టేజీ కాస్త తగ్గినా చేతులెత్తేస్తుంది. అయినా కంప్యూటర్ ఆగింది. అప్పుడు ఉష్ణోగ్రత చూపే ఉచిత ప్రోగ్రాం ఒకటి వేసి ఆట ఆడమన్నాను. "మామూ, తొంభై ఎనిమిది!" అని అరిచాడు వాడు.

ప్లగ్గు తీసి పక్క మూత విప్పితే, హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో తీశాం. కింద థర్మల్ పేస్టు ఎండి పెచ్చులైంది. దాన్ని తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాం. అసలు దోషి ఇంకొకటుంది. దుమ్ము పడకూడదని అక్క ముచ్చటగా కుట్టిన గుడ్డ కవరు, కంప్యూటర్ నడుస్తున్నప్పుడు కూడా వెనక గాలి రంధ్రాల మీదే వేలాడుతోంది! అది తీశాక ఆటలో వేడి 75 దాటలేదు. ఖర్చు పేస్టు ట్యూబుకైనంతే.

ఇవన్నీ చేసినా ఆగుతుంటే ఎస్‌ఎంపీఎస్ వంతు. కొత్తది కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర సరిపడా వాట్లున్నది తెచ్చి పెట్టి చూడండి. పాతదాన్ని మాత్రం ఇంట్లో విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.