కాపలా పెట్టాక ఉత్తరం కదలకపోతే

నేటి యుగాన్ని కంప్యూటర్ యుగం అంటున్నాం. పరీక్ష ఫీజు మొదలు పంటల బీమా దాకా ప్రతిదానికీ ఈ-మెయిల్ చిరునామా అడుగుతున్నారు. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక యంత్రం నుండి మరో యంత్రానికి ఉత్తరం పంపి, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య 'ఎట్' గుర్తు పెట్టాడు. ఆనాటి నుండి ఈ సౌకర్యం పెరుగుతూ వచ్చింది. దాంతోపాటే వైరస్‌లూ, మోసపు ఉత్తరాలూ పెరిగాయి. అందుచేత కంప్యూటర్‌కు కాపలాగా యాంటీవైరస్ వేయించడం అలవాటయింది. అయితే కాపలా పెట్టిన మర్నాడే ఉత్తరాలు కదలకుండా పోవడం చాలామందికి అనుభవమే. ఇట్లా ఎందుకు జరుగుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి అన్న సంగతిని విండోస్ కంప్యూటర్ వరకు ఈ వ్యాసంలో వివరిస్తాను.

సమస్య స్వరూపం

స్కాన్ చేసిన కాగితం మీద మౌస్ కుడి మీట నొక్కి, 'సెండ్ టు'లో 'మెయిల్ రిసిపియెంట్' ఎంచుకుంటాం. మెయిల్ ప్రోగ్రాం తెరుచుకోవాలి. దానికి బదులు, డిఫాల్ట్ మెయిల్ ప్రోగ్రాం ఏదీ లేదనీ, ఉన్నా ఈ పని చేయలేదనీ అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం తెరమీద పడుతుంది. తీరా చూస్తే మెయిల్ ప్రోగ్రాం ఎదురుగానే ఉంటుంది!

ఇది చిన్న విషయం కాదు. మాది వ్యవసాయ కుటుంబం. పోయిన వానాకాలం మా వైపు కొందరు రైతుల పత్తి విత్తనం మొలవలేదు. కంపెనీవారు లాట్ నంబరున్న బిల్లులన్నీ వారం లోపల మెయిల్‌లో పంపమన్నారు. ఆ వారమే దుకాణంలో కొత్త యాంటీవైరస్ పడింది, బిల్లులు ఆగిపోయాయి. చూడడానికి వచ్చిన మెకానిక్ "కంప్యూటర్ పాతదైంది, కొత్తది కొనాలె" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. మా నాన్న బిల్లు కూడా అందులోనే ఉన్నది. నేను సెలవుకు పోయినప్పుడు చూస్తే యంత్రానికి ఏ జబ్బూ లేదు. మెయిల్ ప్రోగ్రాం నేరుగా తెరిచి, బిల్లులను అక్కడే జతచేస్తే ఐదు నిమిషాల్లో వెళ్ళిపోయాయి. అంటే దారి బాగానే ఉంది, దారికి పోయే గుమ్మం ఒక్కటే మూసుకున్నది. ఆ గుమ్మం సంగతి తెలిస్తే సగం రోగం కుదిరినట్లే.

లోపల జరిగేది

వేరే ప్రోగ్రాం నుండి మెయిల్ ప్రోగ్రాంను పిలవడానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒక పేజీలో చిరునామా మీద నొక్కితే తెరుచుకునేది 'మెయిల్‌టు' పద్ధతి. ఫైలును జతచేసి పంపమని అడిగేది 'మాపి' అనే పాత పద్ధతి. ఈ రెంటికీ జవాబు చెప్పవలసిన ప్రోగ్రాం ఏది అన్న సంగతి విండోస్ తన రిజిస్ట్రీలో రాసిపెట్టుకుంటుంది.

రిజిస్ట్రీ అంటే మన పహాణీ వంటిది. చేను మనదే, దున్నేదీ మనమే. కాని పహాణీలో పేరు తప్పుపడితే బ్యాంకులో అప్పు పుట్టదు. మెయిల్ ప్రోగ్రాం ఉన్నా రిజిస్ట్రీలో దాని పేరు చెడితే విండోస్ దానిని గుర్తించదు. పైగా పై రెండు పద్ధతులకూ రెండు వేర్వేరు చోట్ల రాత ఉంటుంది. కనుక ఒకటి పనిచేస్తూ రెండోది చెయ్యకపోవడం సాధ్యమే.

యాంటీవైరస్‌కు సంబంధమేమి?

మొదటిది: కొన్ని యాంటీవైరస్‌లు ఔట్‌లుక్ వంటి ప్రోగ్రాంలలో 'యాడ్-ఇన్' అనే చిన్న భాగాన్ని తగిలిస్తాయి. అది సరిగా పడకపోతే మెయిల్ ప్రోగ్రాం పిలుపుకు పలకదు.

రెండవది: పాత యాంటీవైరస్ పూర్తిగా పోకముందే కొత్తది వేస్తారు. ఒక చేనుకు ఇద్దరు కావలివాళ్ళను పెడితే ఒకరినొకరు దొంగ అనుకుని పట్టుకున్నట్టు ఉంటుంది.

మూడవది: కొన్ని యాంటీవైరస్‌లు ఉత్తరాల దారిలోనే కూర్చుంటాయి. చెరువు తూము దగ్గర నీరటి ఉన్నట్టు, 110, 143, 993, 995 వంటి పోర్టుల గుండా వచ్చే ఉత్తరాన్ని ముందు తాము చూసి వదులుతాయి. రహస్య లిపిలో వచ్చేదాన్ని చదవడానికి తమ సొంత సర్టిఫికెట్ చూపుతాయి. థండర్‌బర్డ్ వంటివి నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా తామే ఉంచుకుంటాయి గనుక ఆ కొత్త ముఖాన్ని నమ్మక సర్వర్‌తో మాట్లాడడం మానేస్తాయి. అప్పుడు పడేది డిఫాల్ట్ వాక్యం కాదు, సర్టిఫికెట్ వాక్యం. ఈ తేడా గమనించాలి.

ఇంకొక మాట. తర్వాత జరిగింది కాబట్టి దానివల్లనే జరిగింది అనడం సైన్సు విద్యార్థులకు తగదు. బ్రౌజర్‌లో మాత్రమే మెయిల్ చూసుకునేవారి యంత్రంలో మాపికి పలికే ప్రోగ్రాం ఉండకపోవచ్చు. విండోస్‌తో వచ్చిన పాత 'మెయిల్' యాప్‌కు మద్దతు 2024 డిసెంబరు 31తో ముగిసింది. ఈ సందర్భాల్లో యాంటీవైరస్ నిర్దోషి.

సరిచేసే క్రమం

సులువైనది ముందు, కష్టమైనది తర్వాత. ఒక్కొక్క మెట్టు కాగానే పరీక్షించి చూడాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

1. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చెయ్యండి. యాంటీవైరస్‌లో కొన్ని భాగాలు ఆ తర్వాతనే కుదురుకుంటాయి.

2. మెయిల్ ప్రోగ్రాం నేరుగా తెరిచి మీకు మీరే ఒక ఉత్తరం పంపుకోండి. వెళితే 3, 4 మెట్లు. వెళ్ళకపోతే 5, 6 మెట్లు ముందు చూడండి.

3. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిచి, 'మెయిల్‌టు'కు మీ ప్రోగ్రాం ఎంచుకోండి. తర్వాత ఆ మెయిల్ ప్రోగ్రాం సొంత ఆప్షన్లలో కూడా దానినే డిఫాల్ట్‌గా పెట్టండి. ఇదివరకే అట్లా ఉంటే ఒకసారి వేరేదానికి మార్చి మళ్ళీ తిప్పండి. దాంతో రాత కొత్తగా పడుతుంది.

4. పాత ఔట్‌లుక్ అయితే కంట్రోల్ మీట పట్టుకుని తెరిస్తే సేఫ్ మోడ్‌లో వస్తుంది. అందులో బాగా నడిస్తే తప్పు యాడ్-ఇన్‌దే. ఆప్షన్స్‌లోని యాడ్-ఇన్స్ జాబితాలో యాంటీవైరస్‌ది తీసివేయండి.

5. రెండు యాంటీవైరస్‌లుంటే ఒకటి తీసెయ్యండి. పూర్తిగా తుడవడానికి చాలా కంపెనీలు తమ సొంత తొలగింపు ప్రోగ్రాం ఇస్తాయి.

6. సర్టిఫికెట్ పేచీ అయితే యాంటీవైరస్‌లో మెయిల్ స్కాన్ ఒక్కటి ఆపండి. జతచేసిన ఫైలును దాచినప్పుడు, తెరిచినప్పుడు మిగతా కాపలా ఎట్లాగూ చూస్తుంది.

7. ఇంకా కుదరకపోతే యాప్స్ జాబితాలో ఆఫీస్‌ను ఎంచుకుని, మాడిఫై అని, క్విక్ రిపేర్ చెయ్యండి. దానితో కాకపోతే ఆన్‌లైన్ రిపేర్.

8. రిజిస్ట్రీలో చెయ్యి పెట్టడం చిట్టచివరి మాట. పెట్టవలసి వస్తే ముందు దాని నకలు తీసి దాచవలెను.

దుకాణంలో నాలుగో మెట్టుకే పని అయిపోయింది. ఖర్చు లేదు, కొత్త యంత్రమూ అక్కరలేదు.

జాగ్రత్తలు

విసుగుతో మొత్తం కాపలా ఆపేసి వదిలేసేవారున్నారు. ఎలుక దూరిందని గాదె తగలబెట్టరు కదా! అంతకంటే ప్రమాదకరమైనది మరొకటుంది. తెరమీద ఎర్ర అక్షరాలతో ఫోన్ నంబరు చూపి, మీ యంత్రాన్ని దూరం నుండి బాగుచేస్తాం అనేవారిని నమ్మరాదు. ఓ.టి.పి. గాని, పాస్‌వర్డ్ గాని ఈ పనికి ఎవరికీ అవసరం లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చెయ్యాలి.

మనలో చాలామందిమి పల్లెల నుండి వచ్చినవాళ్ళం. సెలవులకు ఊరికి పోయినప్పుడు సొసైటీలో, దుకాణంలో, బడిలో ఇట్లా ఆగిన కంప్యూటర్లు కనిపిస్తూనే ఉంటాయి. తెరమీది ఇంగ్లీషు వాక్యం అర్థంకాకే చాలామంది డబ్బూ, గడువూ పోగొట్టుకుంటున్నారు. ఈ ఎనిమిది మెట్లను తెలుగులో ఒక కాగితం మీద రాసి ఆ యంత్రాల పక్కన అంటించే పనిని రాబోయే వేసవి శిబిరంలో మన యూనియన్ చేపడితే బాగుంటుంది. కాగితం నేను రాసి ఇస్తాను. ఊరూరా అంటించడానికి మిత్రులు ముందుకు రావాలని కోరుతున్నాను.

— బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి