మతి స్థిమితము

మిర్యాలగూడ రైసుమిల్లు ముంగిట ధాన్యము రాశి పోసిన రైతునకు, తేమ హెచ్చినదని ధర తగ్గింతురు. ఆతడు మండిపడును. చూచువారు "వీనికి మతి చెడినది" అందురు. అది సరియైన తీర్పు కాదని మా అభిప్రాయము. నష్టమునకు కలత చెందుట ఆరోగ్యముగల మనసునకు సహజము.

ఆ కలతలో సైతము, మన చేతిలో నున్నదేదో లేనిదేదో ఎంచి చూచుకొనుటయే వివేకము. ప్రభుత్వ కొనుగోలుకు ధాన్యపు తేమ 17 శాతము మించరాదు. వానను ఆపలేము, ధాన్యమును మరియొకనాడు ఆరబెట్టగలము. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు రహదారిపై లారీ నడుపువాడు, నిద్ర ముంచుకొని రాగా బండి నిలుపుటయు ఇట్టి వివేకమే.

అయితే వారముల తరబడి నిద్రాహారములు కరవై, బ్రతుకుపై ఆశ సన్నగిల్లినచో, అది బుద్ధిలోపము కాదు. చికిత్సకు లొంగు వ్యాధి కావచ్చును. పూర్వము చికిత్స పొందినంత మాత్రమున ఎవరినిగాని మనోరోగిగా నిర్ణయింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. 2022లో ఆరంభమైన టెలీమానస్ సేవకు 14416 నంబరుపై ఎవరైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. ధాన్యము ఆరుటకు ఎండను వెదకువాడు, మనసు తేరుటకు తోడు వెదకుటలో సిగ్గుపడ నక్కరలేదు.