చిత్రాంగి: విషాదనాయికాత్వ విచారము

రాజమహేంద్రవరమున సారంగధరునిమెట్ట యను గుట్ట యొకటి కలదు. సవతితల్లి నేరము మోపఁగా రాజకుమారుని కాలుసేతులు ఖండించిన చోటదియే యని జనులు చెప్పుకొందురు. సారంగధరుఁడు పుణ్యాత్ముఁడు, చిత్రాంగి పాపాత్మురాలు అని తీర్పు చెప్పి కథ ముగించుట పరిపాటి. ఆమెను విషాదనాయికగా గ్రహింపవచ్చునా యనునది యిందు విచార్యము.

ఈ కథను రాజరాజనరేంద్రున కంటఁగట్టుట చరిత్రమునకు సరిపడదు. 1022లో పట్టాభిషిక్తుఁడైన యా చాళుక్యరాజునకు అమ్మంగదేవియందు జన్మించిన రాజేంద్రుఁడే 1070లో కులోత్తుంగుఁడను పేరఁ జోళసింహాసన మెక్కెను. పదునైదవ శతాబ్దమున గౌరన రచించిన నవనాథచరిత్రమున నిది చౌరంగి యను సిద్ధుని పూర్వవృత్తాంతము. కావున మన విచారము కవులు కల్పించిన పాత్రను గూర్చియే.

కథాసార మెల్లరెఱిఁగినదే. పావురము వెంట రాజకుమారుఁడు సవతితల్లి మేడకుఁ బోవును, ఆమె వలచును, అతఁడు తిరస్కరించును, ఆమె నింద మోపును, రాజు విచారింపకయే దండించును. తంజావూరి రఘునాథనాయకుని కాలమునఁ జేమకూర వేంకటకవి యీ కథను బ్రబంధముగా రచించెను. ఇంచుమించుగా నా కాలముననే, 1604లో, లండనునందు షేక్స్పియరు ఒథెల్లో నాటకము ప్రదర్శింపఁబడెను. అందును నొక నింద, విచారణలేని యొక తీర్పు, నిర్దోషికి దండనము కలవు. అచటఁ జేతిగుడ్డ యెట్టిదో యిచటఁ బావుర మట్టిది: అల్పవస్తువు ప్రాణాంతకమైనది. ఒథెల్లో స్థానమున నిచట రాజున్నాఁడు. నిర్దోషియగు డెస్డిమోనా స్థానమున సారంగధరుఁడున్నాఁడు. చిత్రాంగికి మిగిలినది నింద పుట్టించిన ఇయాగో స్థానము. అట్లైన నామె నాయిక యెట్లగును?

ఆలంకారికుల మతమున ననుచితవిషయమైన రతి రసాభాసము. తల్లివరుస యగు స్త్రీకిఁ గుమారునిపైఁ గలిగిన వలపు శృంగారము కాఁజాలదు. వలపు మేడలోనే పుట్టెనని చెప్పు కథలోఁ జిత్రాంగి దుష్టపాత్రయే. అందు వివాదము లేదు. అయినఁ దరువాతికాలమునఁ బ్రచారము నొందిన కథాక్రమము వేఱు. 1957 నాటి చలనచిత్రమునందువలెఁ, గుమారునకై వెదకిన కన్యను రాజు తానే వివాహమాడును. సారంగధరుఁడే వరుఁడని యామె నమ్మియుండును.

ఈ యొక్క మార్పుతోఁ బాత్రయంతయు మాఱినది. వరుఁడని నమ్మినవానిపై వలపు పుట్టినప్పుడది యుచితమే. దాని ననుచిత మొనర్చినది యామె కాదు, రాజు. నిన్నటి వరుఁడు నేఁడు కుమారుఁడని వరుస మార్చవచ్చును గాని, మనస్సు నట్లు మార్చుట యెవరి తరము? తొలి యపరాధము సింహాసనముపైఁ గూర్చుండి, తుదకుఁ దానే న్యాయాధిపతియై తీర్పు చెప్పినది.

ఇంతమాత్రమునఁ జిత్రాంగి నిర్దోషురాలు కాదు. మోసపోవుట యామె దైన్యము. నింద మోపుట యామె కృత్యము. ఫ్రెంచికవి రసీను 1677లోఁ బ్రదర్శించిన ఫేద్రా నాటకమున నిట్టి నింద దాది నోట వెలువడును. రాణి తుదకు విషము త్రావి సత్యము చెప్పును. చిత్రాంగి నింద నామెయే పలికినది గాన భార మధికము. డెస్డిమోనా యన్ననో మరణించుచు భర్త నేరమును దనపై వేసికొనును. చిత్రాంగి తన నేరమును బరునిపై వేయును. మొదటిదానియందు మనకుఁ గరుణయే కలుగును. రెండవదానియందుఁ గరుణయు జుగుప్సయు నొక్కమాఱే కలుగును. తనకుఁ జేయఁబడిన యన్యాయమును అన్యాయముతోనే తీర్చుకొనఁబోయి, దాని నెఱుఁగని నిరపరాధిని బలిగొన్నది. విషాద మిచటనే యున్నది.

బళ్లారివాసి ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ నాటకమునకు "విషాదసారంగధర"మని పేరిడి, యీ కథ దుఃఖాంతరూపకమునకుఁ దగినదని చూపిరి. ఆ విషాదము సారంగధరుని ఛిన్నాంగములతోనే ముగియదు. సిద్ధుని మహిమచే నతని కాలుసేతులు మరల మొలచినవని కథ చెప్పును. చిత్రాంగికట్టి సిద్ధుఁ డెవ్వఁడును రాలేదు. ఈ కథను బోధించు పండితులు, నింద మోపిన దెవరని యడుగుటకు ముందు, మాట తప్పినవాఁ డెవఁడని విద్యార్థుల నడుగుట యుక్తము.