ఖేడ్ బస్సు దారిలో టీ-హబ్

నారాయణఖేడ్‌లో ఎక్కిన హైదరాబాద్ బస్సు జోగిపేట, సంగారెడ్డి దాటాక కంది దగ్గర ఐఐటీ గేటు ముందు నుంచి పోతుంది. ఇంకాస్త ముందుకొస్తే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ప్రహరీ మొదలవుతుంది. చదువుకునే రోజుల్లో ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. లోపల ఏముందని ఒక్కసారీ అడగలేదు. మా చేన్లలో పండే కంది, జొన్న, శనగల మీద అక్కడ 1972 నుంచి పరిశోధన సాగుతోందని అమెరికా వచ్చాక తోటి ఉద్యోగి చెబితే తెలిసింది. వ్యవసాయ వ్యాపారాలు మొదలుపెట్టేవాళ్లకు చేయూతనివ్వడానికి అదే ఆవరణలో 2003లో ఒక ఇంక్యుబేటర్ కూడా వచ్చింది. ఆ సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది.

మా ప్రాంతం తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఖేడ్ సరిహద్దు పట్నం. సంతలో తెలుగుతోపాటు కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ వినబడతాయి. పంటకాలం అయిపోగానే తండాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వంటగిన్నెలు, చంటిపిల్లలతో సహా లారీలెక్కి చెరకు నరకడానికి పోయేవి. నాలుగు రాళ్లు సంపాదించాలంటే ఊరు విడవాలన్నది మాకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు, చూస్తూ పెరిగాం. వాళ్లు లారీ ఎక్కారు, మేం విమానం ఎక్కాం. ఊళ్లోనే ఉండి ఒక వస్తువు తయారుచేసి, దానికొక కంపెనీ పెట్టి, పదిమందికి జీతమివ్వొచ్చన్న ఊహ మా తరానికి రాలేదు. ఈ సంచికకు మన ప్రాంతపు సంస్థ ఒకదాని గురించి రాయమని సంపాదకులు అడిగినప్పుడు కొత్త కంపెనీలు పెట్టేవాళ్లకు చేయూతనిచ్చే టీ-హబ్ పేరు నేను చెప్పడానికి కారణం అదే.

2015 నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలోని ‘క్యాటలిస్ట్’ భవనంలో టీ-హబ్ మొదలైంది. ప్రారంభానికి రతన్ టాటా వచ్చారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాదిన్నర కూడా నిండలేదు. సర్కారు దఫ్తరులా నడిస్తే పని జరగదని, దాన్ని లాభాపేక్ష లేని ప్రత్యేక సంస్థగా పెట్టారు. ప్రభుత్వంతో పాటు ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్ చేతులు కలిపాయి. సాంకేతికతకు ఒకరు, వ్యాపారానికి ఒకరు, చట్టానికి ఒకరు. కంపెనీ పెట్టే కుర్రాడు తడబడే చోట్లు సరిగ్గా ఆ మూడే. ఆ పొత్తు కుదిర్చినవాళ్ల ముందుచూపుకు దండం పెట్టాలి.

అప్పుడది 70 వేల చదరపు అడుగులు. 2022 జూన్ 28న రాయదుర్గంలో తెరిచిన కొత్త భవనం 5.82 లక్షల చదరపు అడుగులు. మధ్యలో 2018 మార్చి 8న మహిళల కోసం వీ-హబ్ వచ్చింది. 2023 మార్చి 2న కొత్త టీ-హబ్‌కు దగ్గర్లోనే టీ-వర్క్స్ తెరిచారు. కాగితం మీద గీసుకున్న బొమ్మను తీసుకుపోతే, అక్కడి యంత్రాల మీద దాన్ని చేత్తో పట్టుకోగల వస్తువుగా చేసుకోవచ్చు. టీ-హబ్ అండతో ఎదిగిన స్కైరూట్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇస్రోలో పనిచేసిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో పెట్టిన ఆ కంపెనీ, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసిన రాకెట్ నింగికెగరడం అదే మొదటిసారి.

భవనాలూ రాకెట్లూ కంటికి కనబడతాయి. వాటి వెనక కనబడనిది ఒకటుంది, నేను అసలు చెప్పదలచుకున్నది దాని గురించే. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బెంగళూరులో బస్సు టికెట్ దొరకని ఒక తెలుగు ఇంజినీరు, ఫణీంద్ర సామా, బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి మరుసటి ఏడు ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముగ్గురిలో ఎవరికీ బస్సుల వ్యాపారం తెలియదు. అప్పుడు వాళ్లను చేరదీసింది టై అనే సంఘం. మన ఉపఖండం నుంచి వెళ్లి సిలికాన్ వ్యాలీలో కంపెనీలు కట్టినవాళ్లు, తమ తరువాతివాళ్లకు దారి చూపడానికి 1992లో పెట్టుకున్న సంఘం అది. బెంగళూరు శాఖ పెద్దలు వాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు, లెక్కలు వేయించారు, తెలిసినవాళ్లకు పరిచయం చేశారు. సీడ్‌ఫండ్ సంస్థ పెట్టుబడి ఆ తరువాతి మాట. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూపు కొన్నది. ఫణీంద్ర అక్కడితో ఆగలేదు. తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పనిచేశారు. సియెర్రా అట్లాంటిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపించిన రాజు రెడ్డితో కలిసి, చిన్న వ్యాపారాలు మొదలుపెట్టేవాళ్లకు అండగా నిజామాబాద్‌లో కాకతీయ శాండ్‌బాక్స్‌కు పాదు వేశారు. తాను అందుకున్న చేయిని ఇంకొకరికి అందించడమంటే ఇదే. టీ-హబ్‌లాంటి చోటు బతికేది ఈ ఆనవాయితీ మీద. డబ్బు దాని వెనక నడిచి వస్తుంది.

అలాంటి చేయి మా ఊళ్లో ఎంత అవసరమో తెలియడానికి మా అక్క కొడుకు సంగతి చెప్తాను. మావైపు పత్తి ఎక్కువ. తేమ ఎనిమిది శాతం దాటకుంటే పూర్తి మద్దతు ధర, ఆపైన కోత, పన్నెండు దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. రైతు బండి కట్టి, కిరాయి పెట్టి, మిల్లు దాకా పోయాకగానీ తన పత్తిలో తేమెంతో తెలియదు. ‘మామా, ఇంట్లనే చూసుకునేటట్టు ఒకటి చేస్తున్న’ అని వాడు నిరుడు ఫోన్ చేశాడు. నేను ఊరికి పోయినప్పుడు స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసి చూపించాడు. లోపల అరచేతిలో పట్టేంత బోర్డు, రెండు తీగలు, వాటి కొసలకు గోనెసంచి కుట్టే దబ్బనాలు. దబ్బనాలను పత్తి కుప్పలో గుచ్చితే అంకె వెలిగింది: 11. చెయ్యి తడిచేసి ముట్టుకుంటే 19కి ఎగబాకింది. మా అక్క నవ్వి, ‘నా ముగ్గులపిండి డబ్బాల తేమ గూడ చూడు బిడ్డా’ అన్నది.

ఆ డబ్బా పట్టుకుని వాడు నగరంలో ఒక పోటీకి పోయాడు. ఐదు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పమంటే రెండో నిమిషానికే గొంతు పెగల్లేదు. వాడు చేసిన వస్తువులో లోపం లేదు. వాడి మాట వినే చెవి అక్కడ లేదు. తరువాత మన ప్రవాస తెలుగు సంఘంలోని ఒక మిత్రుడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో గంటసేపు తెలుగులో మాట్లాడి ఒకే ప్రశ్న వేశాడు: ‘రైతు ఏడాదిలో రెండు నెలలు వాడే వస్తువును సొంతంగా కొంటాడా, ఊరంతటికీ కలిపి సహకార సంఘం కొంటుందా?’ ఆ రాత్రి వాడు నిద్రపోలేదట. ఇప్పుడు వాడి లెక్కంతా సహకార సంఘాల చుట్టూ తిరుగుతోంది. ఆ గంటకు మిత్రుడికి పైసా ఖర్చు కాలేదు.

పైసలకూ దారులు వేశారు. కేంద్రం 2021లో 945 కోట్లతో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ కింద, నమూనా తయారీకి ఇంక్యుబేటర్ల ద్వారా 20 లక్షల దాకా గ్రాంటుకు వీలు కల్పించారు. విడతలవారీగా ఇచ్చేలా, పని చూపిస్తేనే తరువాతి విడత అని పెట్టారు. మార్కెట్‌లోకి పోయేవాళ్లకు 50 లక్షల దాకా అప్పుగానో, వాటాగా మారే బాండ్లుగానో ఇచ్చే ఏర్పాటు చేశారు. మనలాంటి ప్రవాసులకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. వాటాల సరసమైన విలువను మించి స్టార్టప్‌కు వచ్చిన పెట్టుబడి మీద వేసే ఏంజెల్ పన్నును 2023లో విదేశాల్లో ఉన్నవాళ్ల పెట్టుబడులకూ వర్తింపజేసి భయపెట్టారు. 2024 జులై బడ్జెట్‌లో ఆ పన్నునే ఎత్తేశారు. పెట్టిన సొమ్మును తిరిగి ఇక్కడికి తెచ్చుకోం అనుకుంటే, ఎన్ఆర్ఐ పెట్టుబడిని అక్కడి మనిషి పెట్టుబడితో సమానంగానే చూస్తారు. దిగేముందు మీ ఆడిటర్‌ను ఒకమాట అడగండి.

చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం గారికి ఇవేవీ లేవు. అమ్మ లక్ష్మి ఒక్కో చీరకు నూలును కొయ్యల చుట్టూ తిప్పే ఆసు పోయడానికి వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఆ పని చేసే యంత్రం కట్టాలని పూనుకున్నారు. 1999లో అది పూర్తయ్యేసరికి ఏడేళ్లు పట్టింది. పద్మశ్రీ 2017లో వచ్చింది. అప్పు చేస్తూ, నవ్వుకునేవాళ్ల మధ్య గడిపిన ఆ ఏడేళ్లలో పక్కన కూర్చుని ‘ఎక్కడ ఆగింది?’ అని అడిగే మనిషి ఒకరుంటే రెండేళ్లలో అయ్యేదేమో. టీ-హబ్‌ను నేను ఆ మిగిలే ఐదేళ్లతో కొలుస్తాను. ఆ కొలతలో నగరపు పిల్లలకు అది చాలా చేసింది. జిల్లాలకు చేయాల్సింది ఇంకా చాలా ఉంది. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శనలు పెట్టడం మంచి మొదలు. ప్రదర్శన అయ్యాక ఆగస్టు 16న ఆ పిల్లలతో ఎవరు మాట్లాడుతున్నారన్నదే నా బెంగ.

అందుకే మన సంఘ సభ్యులకు నా విన్నపం. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి కాలేజీలో ఒక పూట గడపండి. పిల్లలు చేసిన వస్తువు చేతిలోకి తీసుకుని చూడండి, తెలుగులోనే మాట్లాడండి, తోచిన ప్రశ్న అడగండి, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. ఒకరిద్దరిని వెంటబెట్టుకుని కంది దగ్గర, పటాన్‌చెరులో, రాయదుర్గంలో బస్సు దింపి ఆ గేట్ల లోపలికి తీసుకుపోండి.