మీ గోదాకు మీరే ప్రమోటరు!

మంత్రాలయం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రాఘవేంద్రస్వామి బృందావనం, ఆ పక్కనే తుంగభద్ర. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకయితే ఇంకోటి కూడా గుర్తొస్తుంది. ఫైట్లతో, స్టైళ్లతో ఈలలు వేయించుకున్న రజనీకాంత్, 1985లో తన నూరో చిత్రానికి ఏరికోరి ఎంచుకున్నది ఈ స్వామి పాత్రనే!

అలాంటి ఊరి ఏటిగట్టున ఈ వారం మనం కుస్తీ గోదా కట్టబోతున్నాం. కంగారుపడకండి. ఎవరి నడుమూ విరగదు, ఎవరి పన్నూ రాలదు. మల్లులంతా అట్టముక్కల మీదే ఉంటారు. గోదా మీ ఇంటి అరుగు. ప్రమోటరు మాత్రం సాక్షాత్తూ తమరే!

"ఇదేం ఆటబ్బా, చిన్నపిల్లోళ్లదా?" అని ముక్కు విరవకండి. హీరో ఓడిపోతే తట్టుకోలేని అభిమానులకు ఇంతకు మించిన పరీక్ష లేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ఏటి నీళ్లలోనే ఉంది కుస్తీ

గోదా మంత్రాలయంలోనే ఎందుకంటారా? ఇదే తుంగభద్ర వెంట ఎగువకు పోతే హంపీ వస్తుంది. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆసామి, శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలవారు తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, ఆ తరువాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవారట. మహానవమి ఉత్సవాల్లో జరిగే మల్లయుద్ధాల్లో పళ్లు రాలేవనీ, కళ్లు పోయేవనీ కూడా ఆయనే రాశాడు. అంచేత మన ఉత్తుత్తి లీగుకు 'తుంగభద్ర మల్ల లీగు' అని పేరు పెట్టుకుంటే ఏటికేమీ అవమానం కాదు.

తెలుగువాళ్లకూ కుస్తీకీ చుట్టరికం పాతదే. వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. దేశం మొత్తం మీద చూస్తే దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల జోడీ జనాన్ని ఊపేసింది. 1968లో బొంబాయిలో లూ థెజ్‌ను ఓడించిన దారాసింగే, ఆ తరువాత 1987లో మొదలైన టీవీ రామాయణంలో హనుమంతుడయ్యాడు. మొన్నటికి మొన్న 2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా దిగితే కుర్రకారు కేకలకు కప్పు ఎగిరిపోయిందనే చెప్పాలి.

ట్రంపు కార్డులకు ఏం తక్కువ?

1990లలో స్కూలు సంచీల్లో పుస్తకాల కంటే ఎక్కువ భద్రంగా దాచుకున్న వస్తువు ఏదీ అంటే - డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంపు కార్డులు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండలు... ఎవరి అంకె గొప్పదయితే ముక్క వాళ్లది. సరదాయే. కానీ ఒక్క లోటు. పెద్దవాడు ఎప్పుడూ పెద్దవాడే! బరువు తక్కువ ఉన్నవాడు బరువు ఎక్కువ ఉన్నవాణ్ణి ఏనాడూ పడగొట్టలేడు. పడగొట్టే అవకాశమే లేనప్పుడు ఇక కథ ఎక్కడిది?

ఈ లోటును అమెరికాలో టామ్ ఫిల్సింగర్ అనే ఆయన 1986లోనే తీర్చాడు. 'ఛాంపియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' అని ఒక ఆట అచ్చేశాడు. 2087వ సంవత్సరంలో గ్రహాంతర మల్లులు కొట్టుకుంటారన్నమాట! ఒక్కొక్క మల్లుడికి ఒక్కొక్క కార్డు. దాని మీద వాడి పట్లు, వాడి బలాలు. ఏ పట్టు పడుతుందో, దానికి ఎదుటివాడు ఏమవుతాడో చెప్పేది పాచిక. ఆడేవాడు ఆటగాడు మాత్రమే కాదు, ప్రమోటరు. ఎవరితో ఎవరికి పోటీ, ఎవరికి ఎవరి మీద పగ, బెల్టు ఎవరి నడుముకి - ఇదంతా వాడి నోటుబుక్కులో ఉంటుంది.

ఇక్కడొక తమాషా ఉంది. 1989లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్లే అమెరికాలోని న్యూజెర్సీ చట్టసభ ముందు 'మాది క్రీడ కాదు మహాప్రభో, వినోదం' అని ఒప్పుకున్నారు. క్రీడల కమిషన్ల ఆజమాయిషీ తప్పించుకోవడానికి! అంటే రక్తమాంసాలున్న మనుషులు దిగే గోదాలో గెలుపోటములు ముందే ఖాయం. అట్టముక్కల గోదాలో మాత్రం ప్రమోటరుక్కూడా తెలియదు. ఏది నాటకం, ఏది నిజం... మీరే చెప్పండి!

ఆరుగురు మల్లులు, పన్నెండు చింతగింజలు

కావలసిన సరంజామా: పాత శుభలేఖలు ఓ ఆరు, వైకుంఠపాళి పెట్టెలోంచి రెండు పాచికలు, గుప్పెడు చింతగింజలు, ఒక నోటుబుక్కు. బెల్టుకు సిగరెట్టు పెట్టెలోని బంగారుకాగితం చాలు (పెట్టె ఎక్కడిదని ఇంట్లో అడిగితే మా పేరు చెప్పకండి!).

మల్లుల కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు. మన సీమే చాలు. కర్నూలు బురుజు, ఆదోని పత్తిమూట, ఎమ్మిగనూరు మగ్గం, బేతంచెర్ల బండ, బనగానపల్లె బేనీషా, ప్రొద్దుటూరు బంగారం. ఆరుగురయ్యారా? శుభలేఖ వెనక తెల్లవైపు ఒక్కొక్కడి జాతకం ఇలా రాయండి:

కర్నూలు బురుజు. 110 కిలోలు. మంచివాడు, మాట తక్కువ.
1. పట్టు తప్పింది - 0
2. మెడపట్టు - 1
3. భుజంతో గుద్దు - 1
4. కాలు లాగి పడెయ్యడం - 2
5. నడుం పట్టి విసరడం - 2
6. బురుజు కూలుడు (సొంత పట్టు) - 3
మొండి అంకె: 9

పట్లకు ఎదురుగా ఉన్న అంకెల మొత్తం ఎవరికైనా 9కి మించకూడదు, తగ్గకూడదు. కానీ పంపకం మీ ఇష్టం. పత్తిమూట దొంగదెబ్బల వాడనుకోండి - 0, 0, 1, 2, 3, 3 ఇవ్వండి. తప్పితే రెండుసార్లు తప్పుతాడు, తగిలితే పిడుగే. ఆ చివరి 3కు 'రిఫరీ చూడనప్పుడు కళ్లలో మట్టి' అని పేరు పెట్టండి. చూశారా, అంకెల మొత్తం ఒకటే అయినా ఇద్దరి గుణాలూ వేరైపోయాయి.

మొండి అంకె అంటే వెన్ను నేలకంటినా లేచే పట్టుదల. ఆరుగురిలో ఇద్దరికి 9, ఇద్దరికి 8, ఇద్దరికి 7 ఇవ్వండి. పత్తిమూటకు 8 చాలు.

ఇహ గంట కొట్టండి

ఇద్దరి ముందూ పన్నెండేసి చింతగింజలు పెట్టండి. అది వాళ్ల దమ్ము. పాచిక వేసి ఎవరికి పెద్ద అంకె వస్తే వాడు ముందు. తన వంతులో ఒక పాచిక వేసి, ఆ అంకె దగ్గరున్న పట్టు చదివి, దాని విలువ ఎంతో అన్ని గింజలు ఎదుటివాడి దగ్గర తీసేయండి. తరువాత రెండోవాడి వంతు.

దెబ్బ తిన్నవాడి దగ్గర నాలుగు గింజలు, అంతకంటే తక్కువ మిగిలితే కొట్టినవాడు 'చిత్తు' చెయ్యడానికి ప్రయత్నించవచ్చు. రెండు పాచికలూ కలిపి వెయ్యాలి. మొత్తం ఎదుటివాడి మొండి అంకెకు సమానంగానో, ఎక్కువగానో వస్తే చిత్తు! రాకపోతే కిందివాడు లేచి తన వంతు కొడతాడు. గింజలన్నీ అయిపోయినవాడి మొండి అంకెలో రెండు తగ్గించండి. 30 వంతులైనా తేలకపోతే డ్రా.

కొంచెం లెక్క చెప్పుకుందాం. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. 7, ఆపైన వచ్చేవి 21. 8, ఆపైన 15. 9, ఆపైన పదే. కాబట్టి 9 ఉన్నవాడు మొండిఘటం. కానీ చావనివాడు కాడు, గుర్తుంచుకోండి!

ఆరుగురూ ఒకరితో ఒకరు ఒక్కొక్కసారి తలపడితే మొత్తం 15 పోటీలు. వారానికి మూడు చొప్పున అయిదు వారాలు. జతలు కలపడానికి సులువు చెబుతాను. ముగ్గురు ముగ్గురుగా రెండు వరుసల్లో ఎదురెదురుగా పేర్చండి. ఎదురుగా ఉన్నవాళ్లకే పోటీ. తరువాతి వారం మూలనున్న ఒకణ్ణి కదపకుండా, మిగతా అయిదుగురినీ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక్కొక్క స్థానం జరపండి. ఒక్క జతా రెండోసారి రాదు. గెలిస్తే 2 పాయింట్లు, డ్రా అయితే చెరొకటి. ఆరో వారం పైనున్న ఇద్దరికీ బెల్టు కోసం పోటీ.

మా అరుగు మీద జరిగిన ఘోరం

మీకు చెప్పేముందు ఓ పోటీ ఆడి చూడకపోతే బాగుండదు గదా! బురుజు పక్షం నేను. పత్తిమూట పక్షం మా మేనల్లుడు. 'ఒక్కడు' చూసిన 2003 నుంచీ నాకు కొండారెడ్డి బురుజు అంటే ప్రాణం. ఆ పేరు పెట్టుకున్నవాడు ఓడడమా!

సగం దాకా అంతా సినిమాలాగే నడిచింది. మూట దగ్గర నాలుగు గింజలు మిగిలాయి. చిత్తుకు వేశాను - 7 పడింది. కావలసింది 8. వాడి దెబ్బ తప్పింది. మళ్లీ కొట్టాను, మూడు గింజలు. చిత్తుకు 5. వాడి దెబ్బ మళ్లీ తప్పింది. ఇంకోటి కొట్టాను, రెండు గింజలు. చిత్తుకు మళ్లీ 7! నా దగ్గరింకా అయిదు గింజలున్నాయి గదా అని ధీమాగానే ఉన్నాను. అప్పుడు వేశాడు మేనల్లుడు. ఆరు. కళ్లలో మట్టి! అయిదులో మూడు పోయి రెండు మిగిలాయి. చిత్తుకు రెండు పాచికలూ దొర్లాయి. ఆరు, అయిదు. పదకొండు.

"మామా, చిత్తు!"

నిజం చెప్పొద్దూ, నా చెయ్యి పాచికల మీదికి పోయింది. "ఆ పాచిక సరిగ్గా దొర్లలేదబ్బీ, ఇంకోసారి వెయ్యి" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి "అట్లయితే నువ్వే ఆడుకో మామా" అని లేచాడు. అంతే. ఇద్దరి సరదా ఒక్క మాటతో పోయేది. నేనే తగ్గి, నోటుబుక్కులో 'పత్తిమూట గెలుపు' అని నా చేత్తోనే రాశాను. అప్పుడుగానీ వాడు మళ్లీ కూర్చోలేదు.

అంచేత మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి: పాచిక అరుగు దిగి కింద పడితేనే మళ్లీ వెయ్యాలి. ఇంకే సాకూ చెల్లదు. హీరో కోసం ఒక్కసారి పాచిక మార్చారా, ఇక ఆ లీగులో గెలిచిన ఏ గెలుపుకీ విలువ లేదు.

ఓటమి లోంచే కథ

అసలు ప్రమోటరు పని మొదలయ్యేది ఫలితం రాసిన తరువాతే. పాచిక ఎవరు గెలిచారో మాత్రమే చెబుతుంది. ఎందుకు గెలిచాడో మీరు చెప్పాలి. ఒక్కొక్క పోటీకీ నాలుగు వాక్యాల 'వార్త' రాయండి. బురుజు కళ్లలో మట్టి పడ్డమాట రిఫరీ చూశాడా? చూసీ ఊరుకున్నాడా? బేతంచెర్ల బండ మంచివాడే గదా, గోదా పక్కనే ఉండి ఎందుకు నోరు మెదపలేదు? ఇదిగో, మూడో వారానికి కథ తయారు! బురుజు గెలిచుంటే నోటుబుక్కులో 'బురుజు గెలిచాడు' అన్న రెండు ముక్కలు తప్ప ఏం మిగిలేది?

ఒక జాగ్రత్త. కథను ముందే రాసుకుని పాచికను దానికి తగ్గట్టు వంచకండి. పాచిక పడ్డాకే కలం తియ్యండి.

ఇంకో మాట. దుష్టుణ్ణి తక్కువ చెయ్యకండి. 1963 నాటి 'నర్తనశాల' గుర్తు చేసుకోండి. భీముడి వేషం వేసింది సాక్షాత్తూ వెయిట్‌లిఫ్టర్ దండమూడి రాజగోపాల్. కీచకుడు ఎస్వీ రంగారావు. కథలో గెలిచింది భీముడు. కానీ 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి పట్టుకొచ్చింది కీచకుడు! ఎదుటివాడు అంతటివాడు కాబట్టే భీముడి గెలుపు గెలుపయింది. మీ లీగులోనూ పత్తిమూట బలమైనవాడయితేనే బురుజు కోసం ఎవరైనా ఆరో వారం దాకా కాసుక్కూర్చుంటారు.

హాల్లో మన హీరో ఓడడు. ఓడనివ్వం కూడా. పోస్టరు మీద పేరు చిన్నదయితేనే ఊరుకోని వాళ్లం! అందుకే వారానికి ఒక్క పూటైనా, మనవాడు న్యాయంగా ఓడిపోతే ఆ మాట మన చేత్తో మనమే రాసుకోవడం అలవాటు చేసుకుందాం. మొదటిసారి చెయ్యి వణుకుతుంది. నాకూ వణికింది.

అన్నట్టు, మా లీగులో ఇప్పుడు నాలుగో వారం. బురుజుకు నాలుగు పాయింట్లు, పత్తిమూటకు ఆరు. చివరి రౌండులో బురుజు గెలిస్తే, మగ్గం ఓడితే, ఆరో వారం మళ్లీ ఆ ఇద్దరికే పోటీ. మేనల్లుడు మంత్రాలయం నుంచి వచ్చే ఆదివారం బస్సు దిగుతున్నాడు. పాచికలు నా జేబులోనే ఉన్నాయి గానీ, ఒట్టు... ఇంకా వెయ్యలేదు!