నల్లేరు: అపోహలు – వాస్తవాలు

నిజాంపట్నపు చేరువనున్న అడవులదీవి ప్రాంతమున, మడచెట్ల బురదనేల ముగిసి, ఉప్పునీటి పోటు తాకని ఇసుకమెరకలు మొదలగు చోట, తాళ్ల మొదళ్లను, డొంకల కిరుప్రక్కలనున్న ముళ్లకంచెలను నాలుగు పలకల పచ్చని కణుపులతో గొలుసువలె అల్లుకొనునది నల్లేరు. బండినడక సామెతతో మన నాలుకలపై నిలిచిన యీ తీగ మన కంచములనుండి మాత్రము తొలగిపోవుచున్నది. దానిని గూర్చిన అపోహలే యిందులకు చాలవరకు కారణమని నా తలంపు.

పలువురు దీనిని జెముడుజాతి మొక్కగా భావింతురు. ఆకులు కొఱవడి, కాండమే కండపట్టి యుండుటచే కలిగిన భ్రాంతి యిది. 1767లో లిన్నేయసు ‘సిస్సస్ క్వాడ్రాంగ్యులారిస్’ అని పేరిడిన యీ తీగ నిజమునకు ద్రాక్షకుటుంబములోనిది. కణుపుకడ ఆకున కెదురుగా పుట్టు నులితీగను, చిన్న యెఱ్ఱని పండును చూచినవారికి ఆ చుట్టఱికము తెలియకపోదు. కోయువా రీ భేదమును తప్పక ఎఱుగవలెను. కంచెలలోనే పెరుగు బొమ్మజెముడు కాడలును పలకలుగానే యుండును. కాని త్రుంచినంతనే వానినుండి పాలు కారును, ఆ పాలు కంటబడిన చూపునకే ముప్పు. నల్లేరు త్రుంచిన పాలు రావు.

తానెక్కిన చెట్టు రసమును నల్లేరు పీల్చునను మాట నిరాధారము. అది తన వేళ్లతో నేలనుండియే నీరు గొనును. చెట్టు దానికి ఊతమాత్రమే. ఎండుటిసుకలో నది బ్రతుకు తీరు మిక్కిలి ఆశ్చర్యకరము: కాండము పగటివేళ తన సూక్ష్మరంధ్రములను మూసికొని తేమను కాపాడుకొని, రాత్రి చల్లదనమున వానిని తెరచి బొగ్గుపులుసు వాయువును గ్రహించి దాచుకొని, మఱునాటి వెలుతురులో ఆహారముగా మార్చుకొనును. ఆకులు రాలిన కాడను చచ్చినదని పెఱికివేయుట అన్యాయము.

పచ్చికాడ నమిలి నోరు మండినవారు దానిని విషమందురు. ఆ దురదకు మూలము కాండములోని వాడిమొనల కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు. ఇల్లాండ్రు విరుగుడెఱుగుదురు: చేతులకు నూనె రాచుకొని, కొనలనున్న లేతకణుపులనే త్రుంచి, అంచుల పీచు తీసి, నూనెలో బాగుగా వేచి, చింతపండు చేర్చి పచ్చడి నూరుదురు. మూత్రపిండములలో రాళ్లున్నవారు మాత్రము దీనిని మానుట మేలు.

ఇక అన్నిటికంటె బలమైన నమ్మకము, నల్లేరు తిన్న విఱిగిన యెముక అతుకునని. ఆయుర్వేదము దీనిని అస్థిసంహార మన్నది. 1960 దశకమున కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందు డాక్టరు కె. ఎన్. ఉడుప, ప్రసాదు గారలు జంతువులపై పరీక్షించి, యెముక త్వరితముగా కూడుకొనుటను గమనించిరి. ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. అయినను ఆ పరీక్షలు పచ్చడి మెతుకులతో జరిగినవి కావు. ఆక్సలేటుతో ముడివడిన సున్నము దేహమునకు పట్టునది స్వల్పము. చోటు తప్పిన యెముకను స్వస్థానమున నిలుపుట యే తీగకును సాధ్యము కాదు. కాలు విఱిగినవానికి పసరుకట్లతో దినములు గడుపక, రేపల్లెకో తెనాలికో తీసికొనిపోయి, ఎక్స్‌రే తీయించి, యెముకను కుదుర్పించి కట్టు వేయించిన పిదప, పథ్యములో నల్లేరు పచ్చడి పెట్టిన పెట్టవచ్చును.