సంకేతము వచ్చినపుడు

గ్రామపెద్దలారా! హైదరాబాదు హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్సు తెరవబడినది మొదలు, ఆ ప్రాంతమున వేలకొలది జనులు కంప్యూటర్లకు ప్రోగ్రాములనబడు ఆజ్ఞాపత్రములు వ్రాయుచున్నారు. 1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ కల్పించిన సీ భాష అట్టి వ్రాతకు నేటికిని ఒక ఆధారము.

నడుచుచున్న ప్రోగ్రామునకు 'ఆగుము', 'గడువు తీరినది' అను సంకేతములు ఏ క్షణముననైనను రావచ్చును. అంతట చేతిలోని పని సగములో నిలిచి, సంకేతము నందుకొను భాగము నడచును. కరణము చిట్టాలో అంకె సగము వ్రాసియుండగా తలారి కేక వేసెననుకొనుడు. ఆ కేక సంగతియు అచ్చటనే వ్రాయబూనినచో లెక్క చెడును. అట్లే, జ్ఞాపకస్థలమును పంచిపెట్టు మాలాక్, అక్షరములు వెలువరించు ప్రింటెఫ్ మున్నగువానిని ఆ భాగమున పిలువరాదు.

గోడమీద బొగ్గుగీత గీసి, పంక్తి ముగించి, పిమ్మట తలారితో మాటాడుట మేలు. ఒక్క వ్రేటున వ్రాయదగిన అట్టి చిన్న గుర్తు సీ భాషలోను కలదు. దానిని వేసి మరలవలెను. ముఖ్యభాగము దానిని చూచుకొనుచుండవలెను.

ఉపేక్షించిన ఫలమేమి? దూరపు యంత్రములలో ప్రవేశించుటకు లోకమెల్ల వాడు ఓపెన్ ఎస్ ఎస్ హెచ్ నందు, గడువు సంకేతము నందుకొను భాగము దినచర్య వ్రాయు పనిని పిలిచెడిది. 2006లో దిద్దిన ఈ దోషము 2020 నాటి మార్పుతో మరల చొచ్చి, 2024 జూలైలో సవరింపబడినది. నడుమ పరాయివాడు తాళము లేకయే యంత్రమున కధిపతి కాగల సందు తెరచియుండెను. కావున సంకేతవేళ స్వల్పముగా చేయుటయే క్షేమము.